చెక్కనీళ్లు

శ్రావణం. కైలాసగిరి మబ్బులో మునిగి మూడు రోజులు.
ల్యాబు కిటికీ మీద తడి, నా నోటుబుక్కు అంచుల్లో తడి.
గాజుగిన్నెలో మాత్రం
పులిసిన పిండి వాసనేసే తెల్లటి ఈస్టు
హాయిగా పెరుగుతోంది.
దానికి విశాఖ ఉక్కపోత బాగా పడింది.

పూర్ణా మార్కెట్ జ్యూసు బండి దగ్గర ఏరిన దానిమ్మ తొక్కలు,
కరక్కాయ, వేపాకు. ఉడికించి, వడగట్టి
నూలు గుడ్డని రాత్రంతా నానబెట్టాను.
రూపాయి బిళ్లంత ముక్క కోసి గిన్నె మధ్యన పెడితే
రెండో పొద్దుకి దాని చుట్టూ ఒక ఖాళీ వలయం,
ఈస్టు దాటని గీత.
స్కేలు పెట్టి కొలిచాను. ఏడు మిల్లీమీటర్లు.
ఏడు నెలలు పట్టింది.

కట్టుకునే మనిషి కావాలి కదా అని
ఫిషింగ్ హార్బరు వెనక రొయ్యల షెడ్డుకి వెళ్లాను.
మైలపల్లి ఎల్లాజమ్మ
ఐసు నీళ్లలో నడుం దాకా తడిసి,
తలలు తుంచడం ఆపకుండానే మాట్లాడింది.
దురద అన్న మాట నేనే అన్నాను.
పక్కావిడ నవ్వింది. ఆ పక్కావిడ తల దించుకుంది.
కాసేపు తొట్టిలో తొక్కలు పడే చప్పుడొక్కటే.

నేనిచ్చిన గుడ్డ ముక్కుకి ఆనించి
"ఇది వలకి పట్టే చెక్కనీళ్లు కాదేటి?" అంది.
"మా తాత నూలు వల కుళ్లకండా
తుమ్మచెక్క గోలేంలో మరగబెట్టి ముంచీవోడు.
ఇసకలో పరిసీవోడు. కుక్క తొక్కితే రాయుచ్చుకునీవోడు.
వల మీద నీడ పడతందని
గుడిసె సూరు కోసీసేడమ్మా!"

తలలు తుంచే చెయ్యి ఆగింది.
"మా నాయనమ్మ లోపరికిణీ మాత్రం
సీర కిందే ఆరీది.
నాదీ అంతే."

ఇరవై ఉతుకుల తర్వాత మూడు మిల్లీమీటర్లు
అని రాసుకున్నాను ఆ సాయంత్రం.
మేడ మీద ఎండలో ఆరబెట్టిన ముక్కల లెక్క అది.
చీర కింద ఆరినవాటికి ఎంతో
నా పట్టికలో గడే లేదు.

సీతమ్మధారలో మా బాల్కనీ తీగ.
తువ్వాలు ఎత్తి చూశాను.
కింద నావి, నిన్నటి తడితోనే.
తువ్వాలు తీసి లోపల పడేశాను.
ఎదురింటాయన పేపరు పైకెత్తుకున్నాడు.

ఇంకా ముసురే.
రేపు ఒక గడి గీయాలి.