చపాటా

ఎనుమాముల యార్డుల పన్నెండేండ్లు తొడిమెలు తీసిన.
మిరుప మంట సంగతి నాకు చెప్పొద్దు.
గోళ్ల సందుల, కండ్ల కొసలకు,
బిడ్డకు పాలియ్యబోతె రొమ్ము మీద,
అన్ని తావుల ఎరుకే.
చన్నీళ్లకు పోదు. మీగడ రాస్తె సగం పోతది,
మిగిలింది తెల్లారేసరికి పోతది.

ఇది పోతలేదు.

గర్భసంచి మూతికి పుట్టిందన్నరు.
హైదరాబాదుల ఇరువై అయిదు కరెంట్లు పెట్టిన్రు.
కరెంటంటె తీగలుంటయనుకున్న.
ఏం లేదు. చల్లటి అర్ర, ఒక బల్ల,
కదలకమ్మా అని గోడలకెల్లి ఒక గొంతు.
నొప్పి లేదు, వాసన లేదు.
ఇంత అలకగ అయితదా అనుకుంట
బస్సెక్కిన.

ఎనిమిది నెలలకు షురువైంది.
తిన్నది తిన్నట్టె ఉరుకుతది.
ఆటో కాశిబుగ్గ దాటకముందె
డ్రైవర్ భుజం తట్టుడు, దిగుడు.
ఏ హోటలోడు లోపటికి రానిస్తడు,
ఏ పెట్రోల్ బంకుల తాళంచెవి ఎవలి జేబుల ఉంటది,
వరంగల్ పట్నం ఇప్పుడు నాకు గట్లనే గుర్తు.

ఒకనాడు ఎర్రగ వడ్డది.
నిలవడి చానసేపు చూసిన.
మూడు నెలల సంది కారం ముట్టలే,
ఈ ఎరుపు ఎక్కడిది?

ఎంజీఎంల చిన్న డాక్టరమ్మ,
మెడల ఐడీ కార్డు ఉల్టా తిరిగున్నది,
మందుల చీటి వెనుక పేగు బొమ్మ గీసింది.
"రోగం పోయిందమ్మా. పక్కన పేగు కాలింది."
ఎలుక మీద కోపానికి ఇంటికి అగ్గి పెట్టిన్రా? అనడిగిన.
ఆమె నవ్వలే. పెన్ను మూత పెట్టింది, తీసింది.
"ఎలుక చచ్చింది. ఇల్లు నిలబడ్డది.
లోపల గోడలే..." అని ఆగింది.

నిజమే. నిలవడ్డ.

పప్పు వద్దు, పాలు వద్దు, పచ్చిపులుసు వద్దు,
జొన్నరొట్టె తలుసుకోనే వద్దు.
మెత్తటి తెల్లన్నం, పలుచటి గంజి.
తెలుపు తిని తెలుపు తిని
నాలిక సున్నమేసిన గోడైంది.
నా పెనిమిటి పక్కింట్ల కూసోని తొక్కు నంజుకుంటున్నడు,
నాకు వాసనొస్తదని.
వస్తది.

మొన్న ఐతారం స్వరూప వచ్చింది.
ఒక్క కుప్పకు ఇద్దరం కూసునేటోళ్లం.
కొంగుముడి ఇప్పి నాలుగు కాయలు పెట్టింది,
బుర్రగ, ముడుతలు ముడుతలుగ, టమాట తీరు.
చపాటా.
"రంగే గని దీనికి కారమేది?
గింజలు తీసి నానెయ్యి. రంగొక్కటే పిండుకో."

డాక్టరమ్మను అడగలే.
గంజి ఎర్రవడ్డది.
రెండు చెంచలు తాగిన.
మంట లేదు. మంట యాదికొచ్చింది.

"యార్డు గేటు కాడికెల్లి లెట్రిన్‌కు ఎన్ని అడుగులే?"
స్వరూప కండ్లు మూసి లెక్కవెట్టింది.
"నలభై. సీజన్ల కుప్పలు అడ్డముంటయ్, అప్పుడు తొంభై."
నేను లేచినప్పుడల్లా నా తట్ట జరుపుతవా?

మిగిలిన మూడు కాయల తొడిమెలు
ఊకెనే తెంపుకుంట
తలూపింది.