పద్దెనిమిది సెకన్లు

బిట్రగుంట రైల్వే గ్రౌండులో
ఎనభై ఆరో సంవత్సరం, మాఘమాసపు ఎండలో
పెంచలయ్య ఎడంకాలితో కొట్టిన బంతి
ఇప్పటికి నలభై లక్షల సార్లు గోలయింది.

నలభై లక్షల సార్లు
నేను కుడిపక్కకి దూకినా.
అది ఎడంపక్క పోయింది.

ఆ గోలీని నేనే.
కావలి పాత బస్టాండు పక్క సందులో
సోడాలు కొట్టుకుంటా ఉండా.
ఇప్పుడు నా చేతికి చిక్కే గోలీలన్నీ
సీసాల్లోవే.

పెళ్ళిళ్ళ వీడియోలు తీసే మస్తానయ్య
కొత్త కెమెరా పనిచేస్తందో లేదో చూసుకోను
ఆ పూట గ్రౌండుకొచ్చి తీసినాడంట.
వాళ్ళ మనవడు
అటక మీది క్యాసెట్టు బూజు దులిపి
ఫోన్లలోకి వదిలినాడు.

ముప్పై ఏళ్ళు గేటుకాడ పచ్చజెండా ఊపితే
ఏ రైలూ పెంచలయ్యని తలతిప్పి చూళ్ళేదు.
ఇప్పుడు మద్రాసు నించి పిలకాయలు
కార్లేసుకొని వస్తారు.
ఆ ఎడంకాలు ఒక్కసారి చూపించమంటారు.
చక్కెర జబ్బుకి రెండు వేళ్ళు తీసేసిన కాలు.
ఆయన తుండుగుడ్డ కప్పేస్తాడు.
వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

నా కొట్టుకీ వస్తారు అప్పుడప్పుడు.
నిమ్మకాయ సోడా తాగతా ఆ వీడియోనే పెట్టుకుంటారు.
“పాపం, ఆ గోలీ చూడన్నా,
బియ్యం మూట జారినట్టు పడ్డాడు”
నేనూ నవ్వుతా.
పదిహేను రూపాయలు పుచ్చుకుంటా.
చెప్పను.
చెప్తే జాలిపడి చిల్లర వొదిలేసి పోతారేమో,
అది నాకు గిట్టదు.

పోయిన ఆదివారం పాసింజరెక్కి పోయినా.
“రా గోలీ” అన్నాడు.
నా పేరు ఆయనకి ఎప్పుడూ తెలీదు.
కోడలి ఫోన్లో ఆ వీడియోనే ఆడతా ఉంది.
ఆయన గోలు కాడికి పోనీడు,
ఆరో సెకన్లో బొటనవేలితో ఆపేస్తాడు.
“అదిగో, షెడ్డు పక్క పొగ చూడు.
ఆ ఇంజను నేను తుడిచిందే.
ఈడు ఆల్ఫ్రెడ్డు, పెరంబూరు ఆస్పత్రిలో పోయినాడు.
చెయ్యెత్తి అడగతా ఉండాడు చూడు, బంతి.”

కాసేపు మజ్జిగ తాగినాం.

“ఒక మాట చెప్తా, ఎవురితో అనబాక.
నేను గోలుకి కొట్టలేదు.
ఆల్ఫ్రెడ్డుకే ఇచ్చినా.
కాలు జారింది.”

లోటా కింద పెట్టినా.
ముప్పైతొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు ఆ మాట.
నీ కళ్ళు చూసే కదా పెంచలయ్యా
నేను ఆల్ఫ్రెడ్డు వైపు దూకింది.
నేను తప్పు చదవలా.
నువ్వే తప్పు రాసినావు.

అనలేదు.
గుమ్మం కాడ మళ్ళా చెప్పులు కనపడతా ఉండాయి,
ఇంకో నలుగురు పిలకాయలు.
ఆయన తుండుగుడ్డ సర్దుకున్నాడు.

తిరుగు రైల్లో ఎదురు సీట్లో ఒక అబ్బాయి
చెవుల్లో వైర్లు పెట్టుకొని అదే చూస్తా ఉండాడు.
“అబ్బయా, ఆడ ఆపు” అన్నా.
ఆపినాడు.

బంతి ఇంకా గాల్లో ఉంది.
నేనూ గాల్లో ఉండా.
నల్ల నిక్కరు, ఎముకలు తేలిన మోచేతులు,
చేతులు రెండూ సరైన పక్కకే చాచి.

“ఏంది తాతా?” అన్నాడు.
ఏం లేదు నాయనా,
కావలి వస్తా ఉందేమో అని.