స్టెప్నీ

బండిలో కదిలేదేదీ ఉండకూడదన్నాడు హేమాద్రి.
డిపోలో ముప్పయ్యేండ్లు బస్సుల కడుపులు చూసినోడు,
నా వ్యాగనార్ తలుపు తెరిచి ముక్కు ఎగబీల్చి
"ఏమక్కా, పులిసిన వాసనొస్తా ఉండాది" అన్నాడు.
"ఇడ్లీ పిండి బండి సామీ, ఏడేండ్లుగా."

తీయడం మొదలుపెట్టాను.
టబ్బుల కింద పరిచే గోనెసంచి.
నీలం టబ్బులు మూడు, వాటి మూతలు నాలుగు.
కొట్లోళ్ల బాకీలు రాసిన నోటుపుస్తకం.
ఏ పెండ్లికి పోతా కొన్నానో, పొడి పొడైన కనకాంబరాలు.
సీటు కింద పాప చెప్పు, ఒంటిది.
దాని కాలిప్పుడు నా కాలికన్నా పెద్దది.
గొడుగు. పిన్నీసులు. రెండు చింతగింజలు.
మా ఆయన దాచి మరిచిన బీడీకట్ట.
ఆయన అటు తిరిగి ఆకాశం చూశాడు.
ఆఖరికి స్టెప్నీ కూడా.
డాష్‌బోర్డు మీది కాణిపాకం వినాయకుణ్ణి మాత్రం
వేలితో కదిలించి చూసి
"ఈయన గట్టిగానే అంటుకున్నాడు, ఉండనీ" అన్నాడు హేమాద్రి.

కారు అంగుళం పైకి లేచింది.
నలభై మూడేండ్లలో నా నడుం
ఎప్పుడైనా అట్ట లేచిందా, గుర్తు లేదు.

మురకంబట్టు అవతల, గుజ్జు ఫ్యాక్టరీ లారీల యార్డు.
కాయల కాలం కాదు గనక ఖాళీ.
సిమెంటు పగుళ్లలో పోయినేటి టెంకలు,
వాటి మధ్య నారింజ రంగు కోన్లు.
నడిచి చూస్తే అది దారి.
కార్లో కూర్చుని చూస్తే
గంగజాతరలో తప్పిపోయిన పిల్లకి కనిపించే జనం.

తలుపు మీద నల్ల టేపుతో ఇరవై ఏడు అంటించారు.
నా ముందు వెడల్పు టైర్ల డాక్టరు కొడుకు,
పలమనేరు టమాటా వ్యాపారి,
వాళ్ల నాయన ఆల్టోలో వచ్చిన కాలేజీ పిల్ల నస్రీన్.
"కోన్ని చూడొద్దాంటీ," అందా పిల్ల.
"చూస్తే దాన్నే గుద్దుతారు.
దాని తర్వాతది చూడండి."

జెండా.

వేగమంటే తొక్కడమే అనుకున్నా.
టైర్లు కేకేశాయి, స్టీరింగు నాతో కొట్లాడింది,
ఎడమకి పోవాల్సిన చోట కుడికి పోయి
ఎట్టనో బయటపడితే
"దారి తప్పినారు, టైము లేదు" అన్నారు మైకులో.
సిగ్గేసింది, నవ్వొచ్చింది,
ఏది ముందో చెప్పలేను.

రెండోసారి దారి దొరికింది, ఒక కోనూ దొరికింది.
బంపరు కింద ఇరుక్కుని
మొండికేసిన మేకపిల్లలాగా
గీత దాకా ఈడ్చుకుంటా వచ్చింది.
రెండు సెకన్లు కలిపారు.

మూడోదానికి ఎండలో వరసన ఉన్నప్పుడు
ఊరికే పొద్దున ట్రిప్పు తలుచుకున్నా.
నాలుగున్నర. గ్రీమ్స్‌పేట మలుపు. వెనక నిండు టబ్బులు.
ఆడ నేను ఎట్ట తిప్పుతాను?
మలుపుకి ముందే బ్రేకు.
పిండి ముందుకొచ్చి సర్దుకునే దాకా ఓపిక.
అప్పుడు తిప్పి, తిప్పిందాన్ని మెల్లగా వదలడం.
ఏడేండ్లలో ఒకేసారి ఒలికింది, అదీ కుక్క అడ్డమొచ్చి.

లేని టబ్బులు వెనక పెట్టుకుని బయల్దేరాను.
ఈసారి టైర్లు గొణిగాయి, అరవలేదు.
కోన్లు ఒక్కొక్కటే పక్కకి జరిగి
పొద్దున్నే తలుపు తీసే కొట్లోళ్లలాగా
రా రా అన్నాయి.

యాభై ఎనిమిది పాయింట్ నాలుగు.
నస్రీన్‌ది నలభై ఆరు.
ముప్పై ఒక్కరిలో నేను ఇరవై తొమ్మిది.
నా వెనకున్న ఆ ఇద్దరి పేర్లూ
బాకీల పుస్తకంలో రాసి పెట్టుకున్నా.

సాయంత్రం అన్నీ మళ్లీ ఎక్కించాం.
చెప్పు మళ్లీ సీటు కిందికే పోయింది.

ఇల్లు చేరినాక ఫోను.
"అక్కా, మీ స్టెప్నీ ఈడే ఉండాది."
పొద్దంతా దాని మీద కూర్చునే చూశాడు మా ఆయన,
మూడోదానికి లేచి చప్పట్లు కొట్టినోడు
కొట్టినట్టే వచ్చి కార్లో ఎక్కాడు.
ఎంత దూరం, పోయి తేవచ్చు.
పప్పు నానబెట్టాల.
"మళ్లీ ఎప్పుడు సామీ?"
"వచ్చే నెల రెండో ఆదివారం."
"అప్పటిదాకా ఆడే ఉండనీ" అన్నాను.