ఊదా అంచు

గుజరాతీ గల్లీలో బేరమాడి కొన్న పాత లెన్స్.
ఎండ ముదిరితే అబద్ధమాడుతుంది.
మొజంజాహీ మార్కెట్ గడియారం చుట్టూ,
కరెంటు తీగల వెంట,
తెల్లబోయిన ఆకాశంలో
సన్నగా ఊదా గీత.

రాత్రి కంప్యూటర్ ముందు
స్లైడర్ కొంచెం జరిపాను.
తీగలు మళ్లీ నల్లబడ్డాయి.
ఇంకొంచెం జరిపితే
బాలమణి వేళ్లు బూడిదయ్యాయి.

పొద్దున్నుంచి నేరేడుపళ్లు ఏరి తూచిన వేళ్లు.
"ఒకటి తిని సూడు సారు, పైసలియ్యకు" అని
నా అరచేతిలో పండు పెట్టిన వేళ్లు.

గాజు చేసిన తప్పూ
పండు అంటించిన మరకా
సాఫ్ట్‌వేర్ లెక్కలో ఒకటే నంబరు.

వెనక్కి లాగాను.
ఆమె చేతుల చుట్టూ బ్రష్‌తో గిరి గీసి
ఒక్కో తీగనే తుడుస్తూ కూర్చున్నాను,
రెండున్నర దాకా.

గడియారం ముల్లు పక్కన
కాస్త మిగిలిపోయింది.
ఉండనీ.