నూట నాలుగు సెకన్లు

కూర్మారావు మేష్టారు బోర్డు మీద
ఒక చుక్క పెట్టి, "ఇదీ రైలు" అనేవారు.
పొడవు లేదు, లోపల మనిషి లేడు.
గోపాలపట్నం కాలేజీ వెనక బెంచీలో
నేనా చుక్కని నోట్సులోకి దించుకున్నాను.

ఇప్పుడా చుక్క వెనక
యాభై ఎనిమిది వ్యాగన్లు, నిండా కిరండూల్ ఇనపరాయి.
అనంతగిరి సొరంగాల మెలికలన్నీ దిగి
పెందుర్తి దాటాక పట్టా తిన్ననవుతుంది,
తాపీమేస్త్రి దారం లాగి కొట్టినట్టు.
ఎడమ సీట్లో డిల్లేశ్వర్రావు గారు,
కుడి సీట్లో నేను, సిగ్నళ్ళు పైకి చదువుతూ.
వేగం నలభై అయిదు.
మేష్టారి లెక్కకి సెకనుకి పన్నెండున్నర మీటర్లు.

అర కిలోమీటరు ముందు, పట్టాల మధ్య ముసలమ్మ.
నెత్తిన జీడిమామిడి పళ్ళ గంప.
మాకు వీపు.

బ్రేకు వేశాక చేతులకి పనుండదు.
సెకనుకి జానెడులో సగం చొప్పున వేగం తరుగుతుంది,
అంతకన్నా తరగదు, ఎంత బతిమాలినా.
వేగాన్ని వేగంతో హెచ్చవేసి
తరుగుకి రెట్టింపుతో భాగిస్తే
ఆరువందల యాభై మీటర్లు.
ఆమె ఉన్నది అయిదువందల్లో.
తీసివేతలు నాకు రెండో తరగతిలోనే వచ్చు.

హారన్. ఆయన బొటనవేలు తెల్లబడేదాకా హారన్.
ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు ఆమె ఆగింది,
చెప్పులో రాయి దులుపుకుంది,
కంకర మీదికి దిగింది. గంప ఒరగలేదు.
మేం ఆమెని దాటేసరికి
ముల్లు ఇంకా ఇరవై రెండు మీద ఉంది.

ఆగాం.
సుద్దముక్క పైకి ఎగరేసి మేష్టారడిగేవారు,
"పైన ఆగిన క్షణంలో వేగం?"
సున్నా సార్.
"త్వరణం?"
అదీ సున్నా, అన్నాను. క్లాసంతా నవ్వింది.
"అది ఆగిందమ్మా. భూమి లాగడం మానిందా?"
ముల్లు సున్నా మీద ఉంది.
నా మోకాళ్ళు మాత్రం ఇంకా కిందికే పోతున్నాయి.
డిల్లేశ్వర్రావు గారు నీళ్ళసీసా మూత
మూడుసార్లు జారవిడిచారు.

ముసలమ్మ నింపాదిగా నడిచొచ్చి
ఇంజను కింద నిలబడి,
"ఏటమ్మా, బండాపీసినారు? పాడైపోనాదా?"
"అవునమ్మా," అన్నారాయన.

గొట్టాల్లో గాలి నింపుకుని, కదిలి,
సింహాచలం నార్త్ బయట మళ్ళీ ఆగాం. ఎర్ర దీపం.
ముప్ఫై అయిదు నిమిషాలు.
గ్రాఫు కాగితం మీద గీస్తే
మా గీత పడుకుని ఉంటుంది.
ఆమెది ఏటవాలుగా, తొందరేమీ లేకుండా
ఎక్కివచ్చి మా గీతని కోసుకుంటూ పోతుంది.
పోతూ పోతూ రెండు పళ్ళు పైకి అందించింది.
ఆగి మాటాడ్డానికి లేదట, బేరాల వేళ దాటిపోతోందట.

సాయంత్రం పోర్టు యార్డులో దిగేదాకా
నా నాలిక మీద ఆ వగరు.