ఆరు మొనలు

ఆషాఢం. పెళ్లిళ్లు లేవు.
ప్రొద్దుటూరు అంగళ్ల వీధిలో నా కుంపటి చల్లగా ఉంది.
ఊదుగొట్టంలో సాలీడు గూడు కట్టుకుంటాంటే
చూస్తా కూర్చున్నా.
అప్పుడొచ్చింది దూదేకుల మాబున్ని.
భుజాన విల్లు సంచి,
టిఫిన్ డబ్బాలో గుడ్డ చుట్టిన ఆరు మొనలు.

"మామా, ఇవి తూకమేసి చెప్పు.
ఒక్కోటి నూరు గ్రెయిన్లంట."

గురివింద గింజ తెలుసు నాకు, మిల్లీ తెలుసు.
గ్రెయిన్ లెక్క ఆ పిల్లే చెప్పింది:
నూరు కలిస్తే
ఆరు గ్రాముల నాలుగొందల ఎనభై మిల్లీలు.

మొనకు మూడు రెక్కలు, మంగలి కత్తంత పదును.
"ఎవర్ని కొడతావే దీంతో?"
"ఎవర్నీ లేదు. పోటీలో వీటిని రానియ్యరు.
సన్న మొన తప్పు దాస్తాది మామా.
విల్లు వంకరగా తోసినా
ఎనకుండే ఈకలు సర్దుకొని పోతాయి.
ఈ రెక్కల మొన దాయదు.
ముందే గాలిని పట్టుకొని
వంకర యాడుందో ఆడికే లాక్కపోతాది."

అంటే గీటురాయి.
అది చెప్పు, నాకు అర్థమైతాది.

ఆరూ తూచినా. ఆరూ ఒకటే.
ఆరు గ్రాముల నాలుగొందల నలభై.
"కంపెనీవాడు నలభై మిల్లీలు మింగినాడు పో" అని నవ్వినా.
"ఆరూ సమానమే కదా, చాల్లే" అనింది.

సాయంత్రం పెన్నలో, నీళ్లు లేని పెన్నలో,
వాళ్ల జేజినాయన కుట్టిన పాత పరుపు నిలబెట్టింది.
ఆయనకూ ఉండేది ఒక విల్లు.
నారి మీద కొట్టేకొద్దీ
గడ్డకట్టిన దూది మబ్బై లేచేది, ఇల్లంతా మూలిగేది.
దాన్నించి ఒక్క బాణమూ పోలేదు.
మనవరాలి విల్లుకు రెండు చక్రాలు, మూడు తాళ్లు.
సగం దాకా బరువు, ఆపైన తేలిక.
అప్పులో మునిగినోని మాదిరి అని నేనంటే
నవ్వకుండా గురి చూసింది.

ముందు కాయితం.
చట్రానికి బిగించిన పాత క్యాలెండరు,
రెండు బారల దూరం.
చిల్లు కాదు, చీలిక పడింది.
బాణం కూర్చునే రెస్టును అరవెంట్రుక జరిపింది.
చీలిక పొట్టిదైంది.
మళ్లీ అరవెంట్రుక.
మూడోసారికి ఒకటే చిల్లు, చుట్టూ మూడు ఈకల గీతలు.

ఇరవై మీటర్లకు పోయినాక
సన్న మొనలు నడిమధ్యన,
రెక్కలవి జానెడు ఎడమకు.
"చూసినావా? కాయితం కూడా మొగమాటపడింది" అనింది.
రెస్టు కుడికి వీసమెత్తు.
జానెడు బెత్తెడైంది.
అంతలో గాలి లేచింది, ఇసక కండ్లలో పడింది,
"రేపు" అని తాళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.
దొంగ సమానంగా దొంగిలిస్తాడా?
ఆరిట్లోనూ అంతే తక్కువా?

పొద్దున్నే బీరువాలోంచి
ముద్ర పడిన పది గ్రాముల గుండు తీసి తూకంలో పెట్టినా.
తొమ్మిది గ్రాముల తొమ్మిదొందల ముప్పై ఎనిమిది.

వంకర యాడుందో తెలిసిపోయింది.

ఉగాది నుంచి చిట్టా తిప్పినా.
కొనుక్కున్నోళ్లకు ఎక్కువ పోయింది,
అమ్ముకున్నోళ్లకు తక్కువ ముట్టింది.
ఆడికాడికి సరిపోతాదిలే అనింది మనసు.
అది ఈకల మాట.

చైత్రంలో ఒక పేజీ:
దూదేకుల ఖాసింబీ. గాజులు రెండు. ఇరవై గ్రాములు.
కూతురి విల్లు కోసమని ఆమే చెప్పినట్టు గుర్తు.
నూట ఇరవై మిల్లీలు.

మీట నొక్కి తూకం సరిచేయడానికి
ఒక్క నిమిషం పట్టింది.

మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చింది మాబున్ని.
చెప్పులనిండా పెన్న ఇసకే.
"మామా! సన్నవీ రెక్కలవీ
అన్నీ ఒక్క చోటే! ఒక ఈక తెగిపోయింది కూడా!"
గల్లాలోంచి తీసిన పన్నెండొందలు
మడిచి పిడికిట్లో పెట్టుకోనున్నా.

"మీ అమ్మను ఒకతూరి రమ్మను."
"ఎందుకు మామా?"
"తూకం చూడల్ల."