దింపుడు కూలి

బ్రాడీపేట నాలుగో లైన్లో
ఆ మేడకి కప్పు కింద ఇంకో కప్పు కట్టింది నేనే.
పదహారేళ్ళయింది.
ఇవాళ సుత్తి పట్టుకుని మళ్ళీ నేనే నిచ్చెనెక్కాను.

"మస్తాన్, ఒక్క ముక్క మిగలకూడదు"
కింద నుంచి శేషారత్నంగారు.
అప్పుడూ ఆవిడే,
"చుట్టూ అలలు రావాలి, మధ్యలో తామరపువ్వు,
రేకు రేకుకీ ఒక రంగు లైటు" అని
శుభలేఖ వెనక బొమ్మ గీసిచ్చింది.
ముప్పై రెండు బల్బులు.
నీలం వేస్తే హాలంతా ఐస్‌క్రీం బండి,
ఎరుపు వేస్తే ఫొటోలు కడిగే గది.
వచ్చిన చుట్టాలు నోరు తెరిచి పైకి చూస్తుంటే
కాఫీలు చల్లారిపోయేవి.
ఆ ఏడు కొరిటెపాడులో, పట్టాభిపురంలో
ఎవరి నెత్తిన చూసినా నా తామరపువ్వే.

మొదటి దెబ్బకి ఒక రేకు రాలింది.
వెంటనే దుమ్ము. తెల్లగా కాదు, ఎర్రగా.
మిర్చి యార్డులో కమీషన్ కొట్టు వాళ్ళది మరి,
చొక్కాలకి అంటుకొచ్చిన కారమంతా
ఇన్నేళ్ళూ ఆ సందులో చేరి కూచుంది.
నేను తుమ్మాను, కుర్రాడు తుమ్మాడు,
శేషారత్నంగారు తుమ్మి, కళ్ళు తుడుచుకుని,
"చూశావా, అందుకే!" అంది
ఏదో నేరం రుజువైనట్టు.

ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు.
ఫ్రిజ్జుకి తొడిగిన కుచ్చుల గౌను తనే చింపింది.
పూసల తెర తెంపితే పూసలు మంచాల కిందకి పరిగెత్తాయి.
సోఫా మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు,
ఎండాకాలం లేవబోతే
తొడల తోలు దానికే వదిలి లేవాల్సొచ్చేదట.
ప్లాస్టిక్ గులాబీలు మాత్రం చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది.
"నిజం పూలైతే చచ్చి ఊరుకునేవి మస్తాన్.
వీటికి వారం వారం సర్ఫు నీళ్ళు పోశాను."
గోడనిండా అంటించిన జలపాతం
మున్సిపల్ పంపు రాని మే నెలల్లో కూడా
సిగ్గు లేకుండా దూకుతూనే ఉండేది.
గోళ్ళతో పీకింది.

పలక ఒకటి తిప్పితే వెనక పెన్సిల్ రాత.
11 అడుగుల 4 అంగుళాలు. అది నా చెయ్యి.
పక్కన వంకర అక్షరాలతో
ఆశీర్వాదం, సువార్త.
నా దగ్గర పనికొచ్చిన కుర్రాడు,
ఎవ్వరూ చూడని చోటు చూసుకుని రాసుకున్నాడు.
ఇప్పుడు తెనాలి రోడ్డులో టైర్ల కొట్టు.
భార్య పేరు సువార్త కాదు.
ఆ పలక మీద కాస్త మెల్లగానే కొట్టాను.
అయినా విరిగింది.

"మరి ఇప్పుడేం కావాలమ్మా?"
ఫోన్లో చూపించింది.
రంగు లేదు, సున్నం లేదు, ఒట్టి సిమెంటు గోడ,
తాపీ గీతలు అలాగే కనపడుతూ.
"ఇప్పుడంతా ఇదేనట. అడుక్కి నూట అరవై."
ఫోను దగ్గరికి లాక్కుని చూశాను.
మా వెనక గది.
అమ్మకి ఆపరేషనైన ఏడు డబ్బులు చాలక ఆపేసిన గోడ.

నల్లచెరువులో మా ఇంటికి
ఊరు వదిలేసినవన్నీ నా సైకిలు మీదే వచ్చాయి.
అయిదు గాజు చుక్కలు రాలిన షాండ్లియరు,
తలుపు లేని షోకేసు,
ముక్కు విరిగిన 'సుస్వాగతం' బొమ్మ.
"ఈసారి ఏమన్నా తెచ్చావంటే
నిన్నూ కలిపి పాతసామాన్ల బండెక్కిస్తా"
అని పొద్దున్నే చెప్పి పంపింది జమీలా.

సాయంత్రం ఒట్టి చేతులతో వెళ్ళి
నూట అరవై సంగతి చెప్పాను.
వెనక గదిలోకి వెళ్ళి గోడని చేత్తో తడిమింది,
ధర కనుక్కున్నాక చీర తడిమినట్టు.
నవ్వింది. కొంగులో తుమ్మింది,
నా చొక్కాకి ఇంకా కారం ఉంది.

"వాళ్ళు మొదలెట్టారుగా,
ఇంక నాలుగేళ్ళలో అదీ పోతుందిలే.
రేపొచ్చేటప్పుడు రంగు డబ్బా పట్రా."
ఏ రంగు?
"చిలకపచ్చ."